ఓడిన ఆటలో బలరామ్ గోలు

ఒకప్పటి భారత ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరామ్ కోల్‌కతాలో కన్నుమూశారన్న వార్త 2023 ఫిబ్రవరి 16న, గురువారం నాడు తెలిసింది. ఆ ఆదివారం సాయంత్రం విశాఖపట్నంలో దొండపర్తి వైపు రైల్వే మైదానం గోడ వారన మేము తొమ్మిది మందిమి కలుసుకున్నాము. ముందురోజు శివరాత్రి కావడంతో మాలో ఇద్దరు జాగారం చేసి, ఆ నిద్రకళ్లతోనే వచ్చారు. రైలు గార్డుగా పని చేసి రిటైరయిన పెద్దాయన ఒకరు, లోకో షెడ్డులో పని చేసి దిగిపోయినవారు ఇద్దరు, షిప్‌యార్డు ఉద్యోగి ఒకరు, వాల్తేరులోనే పుట్టి పెరిగి మాకంటే చక్కని తెలుగు మాట్లాడే బెంగాలీ మిత్రుడొకరు, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే మాస్టారు ఒకరు, మరో ఇద్దరు, నేను. వీరు కాక గార్డు గారి మనవడు, ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న కుర్రవాడు, తాతగారిని స్కూటరు మీద దింపి వెళ్లిపోదామని వచ్చి, మురీ మిక్చర్ పొట్లం చేతిలో పెట్టేసరికి ఉండిపోయాడు.

మాలో బలరామ్ ఆటను కళ్లారా చూసినవారు ఒక్కరూ లేరు. ఈ మాట ముందే చెప్పడం నా ధర్మం, ఎందుకంటే ఆ సాయంత్రం మా మాటలు వింటే ఎవరైనా మేమంతా కలకత్తాలో ఆయన ఆడిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు మైదానంలో సైడ్ లైన్ పక్కనే పెరిగామనుకునేవారు. ఆయన ఎడమ పక్కనుంచి లోపలికి ఎలా దూసుకువచ్చేవాడో ఒకరు చేత్తో చూపించారు. ముందు వరుసలో ఎక్కడ నిలబెట్టినా, లెఫ్ట్ అవుట్ అయినా లెఫ్ట్ ఇన్ అయినా సెంటర్ ఫార్వర్డ్ అయినా, అదే తన సొంత స్థానమన్నట్టు ఆడేవాడని మాస్టారు అన్నారు. ఆ మాటల వేడిలోనే గార్డు గారు గొంతు సవరించుకుని, "రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఆఖర్న కొట్టాడు చూడండి, దాంతోటే కదా ఆట సమానమైపోనాది" అన్నారు.

మనవడు ఫోను చూసి, తాతగారి మీద ప్రేమతోనే, మెల్లగా చెప్పాడు. "సమానం అవ్వలేదు తాతా. మనం ఒకటికి రెండుతో ఓడిపోయాం."

"నీకేటి తెలుసురా? అప్పటికి మీ నాన్నే పుట్టలేదు."

"నువ్వూ చూళ్లేదు కదా తాతా. రేడియోలో విన్నావంతే."

అంతటితో మాట తెగిపోయింది. గార్డు గారు చేతిలో ఉన్న టీ గ్లాసును నేల మీద పెట్టి, కండువా దులుపుకుని, "అలాగేలే" అన్నారు. ఆయన స్వరంలో కోపం కంటే మరొకటి ఎక్కువగా వినిపించింది. అరవై ఏళ్లకు పైగా తాను భద్రంగా దాచుకున్న వస్తువును ఎవరో చేతిలోంచి తీసుకుని, ఇది గిల్టు అని తిరిగి ఇచ్చినట్టుగా ఆయన చూశారు. ఇంటికి వచ్చాక కూడా ఆ ముఖమే నా కళ్లముందు ఉంది. అయినా ఆ రోజు కుర్రవాడు చెప్పిందే సరైనదని, తాతగారి మాట కంటే మనవడి మాటే బలరామ్‌కు ఎక్కువ గౌరవమని నేను నమ్ముతున్నాను. ఈ వ్యాసం ఆ నమ్మకం గురించి. మా మిత్రుల్లో సగం మంది ఇందుకు నాతో ఇప్పటికీ విభేదిస్తున్నారు కనుక, నా వాదన ఏమిటో ఒకసారి నిదానంగా రాసి పెట్టాలనిపించింది.

ముందు, విశాఖపట్నంలో కూర్చుని ఒక కలకత్తా క్లబ్బు ఆటగాడి కోసం తగువులాడుకోవడమేమిటని అడిగేవారికి సమాధానం చెప్పాలి. ఆ సమాధానం రైలు పట్టాల్లో ఉంది. మన వాల్తేరు డివిజన్ 2003లో భువనేశ్వర్ కేంద్రంగా ఏర్పడిన తూర్పు కోస్తా రైల్వేలో చేరేదాకా ఆగ్నేయ రైల్వేలో భాగం. దాని ప్రధాన కార్యాలయం కలకత్తాలోని గార్డెన్ రీచ్. అంతకుముందు ఇదే లైను బెంగాల్ నాగపూర్ రైల్వే. రైల్వే పేరు మారినా దాని ఫుట్‌బాల్ జట్టు మాత్రం బి.ఎన్.ఆర్. అన్న పాత పేరుతోనే ఆడేది. బదిలీ మీద ఖరగ్‌పూర్‌కో చక్రధర్‌పూర్‌కో వెళ్లిన తెలుగు కుటుంబాలు తిరిగి వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలతో పాటు నాలుగు బెంగాలీ మాటలనూ, మిఠాయి రుచినీ, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ల తగాదానూ వెంట తెచ్చుకునేవి. అక్కడ ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప వండుకుంటారని, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకుంటారని మా అమ్మ చెప్పేది. ఇలిష్ అంటే మరేమీ కాదు, గోదావరి వాళ్లు పుస్తెలమ్మి అయినా తినాలనే పులసే. మా ఇంట్లో పులస కొనే స్తోమత ఎన్నడూ లేదు. వారానికోసారి రొయ్యలు తింటూ ఈస్ట్ బెంగాల్‌కు జై కొట్టిన విచిత్రమైన కుటుంబం మాది.

బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, అక్కడ ఆరేళ్లు ఆడి, 1963లో బి.ఎన్.ఆర్.కు వచ్చాడు. దాంతో వాల్తేరు రైల్వే క్వార్టర్లలో ఆయన పేరు మారిపోయింది. "ఈస్ట్ బెంగాల్ బలరామ్" కాస్తా "మన స్టాఫు బలరామ్" అయ్యాడు. ఇక ఆయన పుట్టింది సికింద్రాబాదు అమ్ముగూడలో కనుక మనవాడేనని ఒకరు, తల్లిదండ్రులు తమిళులు కదా అని ఇంకొకరు, జీవితమంతా బెంగాల్లోనే గడిపాడని మరొకరు వాదించుకోవడం మా కలయికల్లో మామూలే. నాకు ఆ తగువు మీద ఆసక్తి లేదు. ఎవరి మైదానంలో పరుగెత్తితే వారివాడు.

ఇప్పుడు మా నాన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే గార్డు గారి మీద తీర్పు చెప్పే ముందు నా ఇల్లు చక్కబెట్టుకోవడం న్యాయం. మా నాన్న వాల్తేరు స్టేషన్‌లో పార్శిల్ గుమాస్తా. 1961 వానాకాలంలో శిక్షణ కోసం ఖరగ్‌పూర్ వెళ్లి, ఒక సెలవురోజున కలకత్తా చేరి, మైదాన్‌లో టికెట్ దొరకక, డబ్బు లేనివారంతా నిలబడే కోట గట్టు మీద నిలబడి ఈస్ట్ బెంగాల్ లీగు మ్యాచ్ ఒకటి చూశారు. బురదలో, అంత దూరాన, ముందున్న గొడుగుల మధ్యనుంచి ఆయన చూడగలిగింది ఎరుపు పసుపు చొక్కాల కదలిక మాత్రమేనని, అందులో బలరామ్‌ను నడకను బట్టి గుర్తుపట్టానని నాకు చిన్నప్పుడు చెప్పారు. అప్పుడు ఆ కథలో బలరామ్ ఒక గోలు కొట్టాడు. నేను కాలేజీకి వచ్చేసరికి అది రెండయింది. మా నాన్న తన చివరి రోజుల్లో నా కొడుకుకు అదే కథ చెబుతుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. అప్పటికి బలరామ్ మూడు కొట్టాడు. మూడో గోలును మా నాన్న మనవడి కోసం కొట్టించారు. నేను అడ్డు చెప్పలేదు. ఆయన పోయిన తర్వాత నలుగురిలో ఆ కథ చెప్పినప్పుడు, చెప్పడానికి సిగ్గుపడుతున్నాను గానీ, నేనూ మూడనే చెప్పాను.

(తెలుగులో ఈ లెక్క రాయడంలో ఒక చిక్కు ఉంది. "మూడు గోళ్లు" అంటే చేతిగోళ్లు గుర్తుకు వస్తాయి, "గోల" అంటే అల్లరి అవుతుంది. అందుకని ఏకవచనంలో గోలు, బహువచనంలో గోల్స్ అని మా రైల్వే కాలనీ వ్యాకరణాన్నే నేను పాటిస్తున్నాను.)

విచారకరమైన విషయమేమిటంటే, మా నాన్న పెంచి చెప్పిన ఆ గోల్స్ అవసరం బలరామ్‌కు లేనే లేదు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్ ఆయనే. 1952 తర్వాత ఆ క్లబ్బుకు కలకత్తా లీగు మళ్లీ దక్కింది ఆ ఏడే, ఆ లీగులో అందరికంటే ఎక్కువగా 23 గోల్స్ కొట్టింది కూడా ఆయనే. నిజమైన లెక్క ఇంత నిండుగా ఉండగా, వాన కురిసిన ఒక్క సాయంత్రపు ఖాతాలో మరో రెండు జమ వేయవలసిన అవసరం ఎందుకు వచ్చింది? చాలాకాలం నేను దీన్ని కేవలం పెద్దవాళ్ల అతిశయం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

అసలు కారణం ఆనాటి లెక్కలు రాసిన తీరులో ఉందని నాకు అనిపిస్తుంది. ఆ రోజుల్లో పత్రికలు గోలు కొట్టినవాడి పేరు రాసేవి. ఆ గోలుకు దారి తీసిన పాస్ ఎవరిచ్చారో, ముగ్గురు డిఫెండర్లను తన వెంట లాక్కుపోయి పక్కవాడికి ఖాళీ చోటు చేసిపెట్టింది ఎవరో, బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరుగెత్తి దాన్ని లాక్కున్నది ఎవరో రాసే పట్టిక లేదు. బలరామ్ గొప్పదనంలో పెద్ద భాగం ఆ రాయని పనిలోనే ఉందని ఆయనతో ఆడినవారూ ఆయనను చూసినవారూ చెబుతూ వచ్చారు. గట్టు మీద నిలబడిన మా నాన్న చూసింది అదే అయి ఉంటుంది. కానీ ఇంటికి వచ్చి భార్యకో పిల్లలకో దాన్ని ఎలా చెప్పాలి? "బాగా చోటు చేసిపెట్టాడు" అంటే ఏ పిల్లవాడు నోరు తెరుచుకుని వింటాడు? అభిమాని దగ్గర చెల్లే నాణెం ఒక్కటే, అది గోలు. తాను చూసిన అందాన్నంతా ఆ ఒక్క నాణెంలోకి మార్చుకోవలసి వచ్చింది కనుక, మార్పిడిలో ఒకటి రెండయింది, రెండు మూడయింది. ఇది అబద్ధం చెప్పాలనే బుద్ధి కాదని నేను ఒప్పుకుంటాను. అయితే దీని వల్ల జరిగిన నష్టం చిన్నదేమీ కాదు: మనం అదనంగా కొట్టించిన ప్రతి గోలూ, ఆయన నిజంగా చేసిన, లెక్కకు రాని ఒక పనిని కప్పేసింది. మా నాన్న నాకు మూడు గోల్స్ ఇచ్చారు, ఒక్క పాస్ కూడా ఇవ్వలేదు. ఆ గట్టు మీదనుంచి ఆయన చూసిన ఒక్క పాస్‌ను ఉన్నదున్నట్టు వర్ణించి ఉంటే, ఈ మూడింటినీ నేను సంతోషంగా వదులుకునేవాడిని.

ఇదే ఊళ్లో జరిగిన మరో ఆటతో పోల్చి చూడండి. 2005 ఏప్రిల్ 5న మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు చేశాడు. ఆ రోజు స్టేడియంలో ఉన్నామని చెప్పుకునేవారి సంఖ్య ఏటేటా పెరుగుతున్న మాట నిజమే. వారందరినీ కూర్చోబెట్టాలంటే అలాంటి స్టేడియాలు ఇంకో నాలుగు కట్టాలి. కానీ ధోనీ పరుగులు మాత్రం 148 దగ్గరే ఆగిపోయాయి. ఎంత వీరాభిమాని అయినా దాన్ని 150 చేయలేడు, ఎందుకంటే కెమెరా చూసింది. అలాగని 148 చిన్నబోయిందా? ఇరవై ఏళ్లయినా ఆ ఇన్నింగ్స్ గురించి మాట్లాడుకునేటప్పుడు మా షిప్‌యార్డు మిత్రుడి గొంతులో అదే ఊపు. అంకె కదలకపోవడం వల్ల మాటలు షాట్ల మీదకు మళ్లాయి. ఏ బంతిని ఎటు కొట్టాడు, అప్పుడు జనం ఎలా లేచి నిలబడ్డారు అన్నదే మాట్లాడుకుంటాము. అంకె ఊగిసలాడే చోట అంకె గురించే తగువు పడతాము; ఆట పక్కకు పోతుంది. ఆ ఆదివారం మాకు జరిగింది సరిగ్గా ఇదే.

నా బెంగాలీ మిత్రుడు ఈ వాదనను ఒప్పుకోడు. "పుస్తకంలో అంకెలు పుస్తకంలో ఉంటాయి. అభిమాని నోట్లో ఉన్నది వేరు. భీముడికి వేయి ఏనుగుల బలం అన్నప్పుడు ఎవరైనా తూకం వేశారా? వయసు మీద పడినాయన్ని పిల్లవాడి చేత సరిదిద్దించి ఏం సాధించాము?" అని అతని ప్రశ్న. బలమైన ప్రశ్నే. గార్డు గారిని నలుగురిలో చిన్నబుచ్చకుండా ఉండవలసిందన్న మాటతో నాకూ పేచీ లేదు. కుర్రవాడు ఇంటికి వెళ్లాక చెప్పి ఉంటే బాగుండేది. కానీ పురాణం దగ్గర నా మిత్రుడు పొరబడ్డాడు. మన కథకులు బలాన్ని పెంచారు గానీ ఫలితాన్ని మార్చలేదు. పద్మవ్యూహంలోకి వెళ్లిన అభిమన్యుణ్ణి ప్రాణాలతో బయటికి తీసుకొచ్చిన హరిదాసును ఎవరైనా చూశారా? అంత దూరం ఎందుకు, పక్కనే ఉన్న బొబ్బిలిని తీసుకుందాం. 1757లో బుస్సీ ఫిరంగుల ముందు ఆ కోట పడిపోయింది. మా అమ్మమ్మ ఊళ్లో బుర్రకథ చెప్పినవారు తాండ్ర పాపారాయుడి కత్తిని ఆకాశమంత ఎత్తుకు లేపేవారు, కానీ కోట నిలిచిందని ఒక్కనాడూ చెప్పలేదు. కోట పడింది కనుకనే తెల్లవార్లూ జనం కదలకుండా విన్నారు. ఓటమిని ఓటమిగా పాడుకోవడం మన వాళ్లకు తెలిసినంతగా మరెవరికైనా తెలుసా అని నాకు అనుమానం. అటువంటప్పుడు ఫుట్‌బాల్ దగ్గరకు వచ్చేసరికి మనకు ఈ పిరికితనం ఎందుకు?

పిరికితనం అన్నది కటువైన మాటే. అయినా దాన్ని వెనక్కి తీసుకోను, ఎందుకంటే రోమ్‌లో జరిగింది ఉన్నదున్నట్టు తెలుసుకుంటే దాచుకోవలసినదేమీ కనబడదు. 1960 ఒలింపిక్స్‌లో మన జట్టు హంగేరీ, ఫ్రాన్స్, పెరూలతో ఒకే గ్రూపులో పడింది. కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, కెప్టెన్ పి.కె. బెనర్జీ. తొలి ఆట ఆగస్టు 26న లాక్విలా పట్టణంలో హంగేరీతో. వాళ్ల వైపు ఫ్లోరియన్ ఆల్బర్ట్ అనే కుర్రవాడు ఉన్నాడు. ఆ తర్వాత ఏడేళ్లకు, 1967లో, యూరప్‌లోకెల్లా ఉత్తమ ఆటగాడిగా ఎంపికైంది అతడే. హంగేరీ తొలి సగంలో ఒకటి, రెండో సగంలో ఆల్బర్ట్ చేత మరొకటి కొట్టింది. రెండు సున్నాతో వెనుకబడి, ఆట ముగింపుకు వస్తుండగా, 79వ నిమిషంలో బలరామ్ కొట్టాడు. ఆ తర్వాత ఇంకెవరూ కొట్టలేదు. ఆ హంగేరీ జట్టే చివరికి కాంస్యం తీసుకుని ఇంటికి వెళ్లింది. ఫ్రాన్స్‌తో ఆటను మనం పి.కె. గోలుతో ఒకటి ఒకటిగా ముగించాము. పెరూ చేతిలో మూడు ఒకటితో ఓడిపోయాము. ఆ ఒకటి కూడా బలరామ్‌దే. గ్రూపులో ఆఖరి స్థానం మనదే. ఆ తర్వాత ఇప్పటిదాకా భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

అంటే రోమ్‌లో ఆయన కొట్టిన రెండు గోల్సూ మనం ఓడిపోయిన ఆటల్లోనివే. ఆ రెండింటిలో ఏదీ ఫలితాన్ని మార్చలేదు. అయినా ఆయన పేరు చెప్పగానే ఆయన పుట్టిన అమ్ముగూడ నుంచి చివరిదాకా ఉన్న బెంగాల్లోని ఉత్తర్‌పాడా దాకా అభిమానులకు మొదట గుర్తుకు వచ్చేవి అవే. ఇది వింతగా లేదా? గెలిపించిన గోల్స్ ఆయన ఖాతాలో చాలా ఉన్నాయి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్ మీద రెండు సున్నాతో గెలిచినప్పుడు ఒకటి ఆయన కొట్టినదే. ఫైనల్లో దక్షిణ కొరియాను రెండు ఒకటితో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఆయన ఉన్నాడు. జకార్తా గురించి ఇంతకంటే రాయను. రహీమ్ జీవితం మీద హిందీలో సినిమా వచ్చాక ఆ కథ అందరికీ తెలిసింది, అందరూ చెబుతున్నారు కూడా. నాకు కావలసింది లాక్విలా. రెండు గోల్స్ వెనకపడి, కాళ్లు బరువెక్కి, ఎదుట తనకంటే బలిష్ఠమైన జట్టు నిలబడి ఉండగా, ఇంకా గోలు వైపే చూస్తున్న ఆటగాణ్ణి గుర్తుంచుకోవాలంటే స్కోరు రెండు ఒకటిగానే ఉండాలి. గార్డు గారు దాన్ని రెండు రెండు చేసినప్పుడు ఆయన బలరామ్‌కు ఒక మెట్టు ఎక్కించాననుకున్నారు. నిజానికి ఆ 79వ నిమిషంలో బలరామ్ నిలబడిన చోటినే తీసేశారు.

ఇలాంటి ఉపకారమే మరొకటి ఆ సాయంత్రం జరిగింది. ఎవరూ పట్టించుకోలేదు గానీ, నాకు అది స్కోరు మార్చడం కంటే పెద్ద తప్పుగా కనిపించింది. లోకో షెడ్డు మిత్రుల్లో ఒకరు, "ఇరవై ఏడేళ్లకే ఆట మానేశాడంటే అదీ రాజసం. ఇంకా బాగుండగానే తనంతట తాను చాలించాడు" అన్నారు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ బలరామ్ రాజసంతో మానలేదు. ఊపిరితిత్తులకు జబ్బు చేసి, ఇక పరుగెత్తితే ప్రమాదమని తేలి, 1963లో ఆపవలసి వచ్చింది. ఆయన ఆటకు దన్నుగా నిలిచింది ఎడతెగని పరుగే. సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది. దీన్ని రాజు కిరీటం విడిచిన కథగా మార్చడం వల్ల మనకు కాస్త ఓదార్పు కలగవచ్చు, కానీ ఆయన పడిన బాధను చెరిపేసే హక్కు మనకు ఎవరిచ్చారు? ఆనాటి మన జట్టు ముందు వరుస అనగానే చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్ అని మూడు పేర్లను ఒకే ఊపిరిలో పలుకుతాము. 1983లో చునీకి, 1990లో పి.కె.కు పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు 1962లో వచ్చిన అర్జున తర్వాత చెప్పుకోదగ్గ జాతీయ గౌరవమేదీ రాలేదు. ఆయన గంగ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒక ఫ్లాటులో చివరి దాకా ఉన్నాడు. తాను అంత ఇష్టంగా ఆడిన క్లబ్బుతో కూడా ఆయనకు దూరం పెరిగిందని పత్రికల్లో చదివాము. ఈ సంగతులేవీ మా తొమ్మిది మంది మాటల్లో రాలేదు. వస్తే మాకు అసౌకర్యం. ఎక్కువ గోల్స్ కొట్టించడం, సొంత ఇష్టంతో మానేశాడనడం, ఈ రెండూ ఒకే కుండలోని నీళ్లు. ఆ నీళ్లలో మనం చూసుకుంటున్నది మన ముఖాలనే.

ఇంత చెప్పాక, ఫోను పట్టుకున్న కుర్రవాడిదే పూర్తి గెలుపు అని ఎవరైనా అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. అతడి ఫోను 2-1 అని చెప్పింది, 79 అని చెప్పింది, అక్కడితో ఆగింది. బలరామ్ కుర్రవాడిగా ఉండగా అమ్ముగూడ నుంచి హైదరాబాదు వచ్చి సాధన చేయడానికి చేతిలో డబ్బు లేకపోతే, రోజూ సైకిలు అద్దెకు తీసుకొమ్మని రహీమ్ సాహెబ్ రూపాయి చొప్పున ఇచ్చేవారన్న సంగతి ఆ పట్టికలో లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చర్మకారుడి చేత ఆట బూట్లుగా మార్పించుకున్నానని బలరామే చెప్పుకునేవాడు. అదీ అందులో లేదు. ఈ రెండు సంగతులూ నాకు తెలిసింది ఫోనులో కాదు, ఎవరో చెప్పగా విని, తర్వాత ఎక్కడో చదివి సరిచూసుకున్నవి. అసలు మనవడికి బలరామ్ పేరు తెలిసిందే తాతగారి వల్ల. తాత నోట ఆ పేరు వినకపోతే అతడు వెతికేవాడా? కనుక నేను అడిగేది చాలా చిన్నది. పెద్దవారు కథ చెప్పాలి, పిల్లలు అంకె చూడాలి, అంకె తేడా వస్తే కథ అంకెకు సర్దుకోవాలి. కథకు తగ్గట్టు అంకెను సర్దకూడదు.

మా మాస్టారు ఇందులో ఇంకో ప్రమాదం చూపించారు, అది కూడా రాయాలి. 1964 ఆసియా కప్పులో భారత్ రెండో స్థానంలో నిలిచింది; అందులో దక్షిణ కొరియా మీద ఆట మొదలైన కాసేపటికే గోలు కొట్టిన ఆటగాడి పేరు అప్పలరాజు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్న మనిషి గోలు కొడితే మన ఉత్తరాంధ్రలో ఎవరు ఊరుకుంటారు? ఆ పేరు వినగానే మా లోకో షెడ్డు మిత్రులిద్దరూ ఆయన ఏ వీధివాడో, ఎవరి మేనల్లుడో కూడా తేల్చేశారు, అదీ రెండు వేర్వేరు వీధులు. మాస్టారు తల పట్టుకుని, "బాబూ, ఈ అలవాటు వల్లే మా పిల్లలు ఏదీ నమ్మడం లేదు. బలరామ్ గురించి నిజం చెప్పినా, ఇదీ మీరు కల్పించిందేనా సార్ అంటున్నారు" అన్నారు. నాకు ఆ మాట బాగా నాటుకుంది. ఈ రోజున పన్నెండేళ్ల పిల్లవాడు తెల్లవారుజామున లేచి స్పెయిన్‌లోనో ఇంగ్లండ్‌లోనో జరిగే ఆటను నేరుగా చూస్తున్నాడు. ప్రతి పాస్‌కూ లెక్క అతడి ఎదుట ఉంది. అతడి ముందు మనం ఒక పాత ఆటగాణ్ణి నిలబెట్టాలంటే, ఒకటి సరిచూసుకుంటే రెండోది కూడా నిలబడేలా చెప్పాలి. ఒక్క దొంగ గోలు దొరికితే చాలు, ఆ 23 గోల్స్ కూడా అనుమానంలో పడతాయి.

నేను మారానా అంటే, సగం మారాను. నా కొడుకును కూర్చోబెట్టి, తాతయ్య చెప్పిన ఆటలో బలరామ్ ఎన్ని కొట్టాడో మనకు తెలియదని, మొదట చెప్పినప్పుడు ఒకటేనని, గట్టు మీదనుంచి ఆయనకు కనబడింది చొక్కా రంగులూ ఒక నడకా మాత్రమేనని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "నడకను బట్టి ఎలా పోల్చుకున్నాడు నాన్నా?" అని అడిగాడు. మూడు గోల్స్ కథ విన్నన్నాళ్లూ వాడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా దగ్గర జవాబు లేకపోయింది. అడగవలసిన రోజుల్లో నేను అడగలేదు.

ఆ తర్వాత కూడా ఏటా ఫిబ్రవరిలో ఆయన పోయిన తేదీకి దగ్గరగా వచ్చే ఆదివారం నాడు మేము కలుస్తూనే ఉన్నాము. మొన్నటిసారి ఏడుగురమే మిగిలాము. గార్డు గారు వస్తారో రారో అనుకున్నాము, మనవడే తీసుకువచ్చాడు. అతడికి ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, స్కూటరు పోయి కారు వచ్చింది. టీలు అయ్యాక, ఎవరూ అడగకుండానే, ఆయన గొంతు సవరించుకున్నారు. మేమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాము.

"హంగేరీ మీద మనం ఓడిపోనాం" అని మొదలుపెట్టారు. "ఒకటికి రెండు. అది అందరికీ తెలిసిందే. కానీ గోలు పడింది ఎప్పుడు? డెబ్బయి తొమ్మిదో నిమిషం. ఇంకెంత ఉంది? పదకొండు నిమిషాలు. ఇప్పుడు చెప్పండి, ఆ పదకొండు నిమిషాలూ హంగేరీవాడి గుండె ఎలాగుంటాదో!"

తర్వాత ఆ పదకొండు నిమిషాలను ఆయన చెప్పారు. హంగేరీవాళ్లు బంతిని ఎలా వెనక్కి వెనక్కి తిప్పి ఉంటారో, పక్క గీత దగ్గర రహీమ్ సాహెబ్ ఎలా నిలబడి ఉంటారో, ఎడమ పక్కన బలరామ్ చెయ్యెత్తి బంతి ఎలా అడిగి ఉంటాడో. ప్రతి వాక్యం చివర "ఉంటాడు", "ఉంటారు" అని జాగ్రత్తగా అంటున్నారు. నలభై ఏళ్లు గార్డు డైరీ రాసిన చేయి కదా, తాను చూడనిది చూశానని ఇప్పుడు రాయదు. చెప్పడం అరగంట పైనే పట్టింది. మధ్యలో మనవడు ఒకసారి ఫోను తీశాడు. అమ్మకు ఫోన్ చేసి, రావడానికి ఆలస్యమవుతుంది, మీరు అన్నాలు తినేయండి అని చెప్పి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.